మన అమ్మాయిలకి ఆట మీద ఇంట్రెస్ట్ లేదంటారా? ముందు హాలు తాళం ఎవరి దగ్గరుందో చూడండి



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఆటల పోటీల లిస్టు గ్రూపులో పెట్టారు, చూశాను. అబ్బాయిలకి వాలీబాల్, కబడ్డీ, క్రికెట్, విలువిద్య. అమ్మాయిలకి ముగ్గులు, మ్యూజికల్ చైర్స్, తాడు లాగుడు. అమ్మాయిలకి ఇండోర్ ఫుట్‌బాల్ కూడా పెట్టమని అడిగాను. ఒక అన్న మర్యాదగానే జవాబిచ్చారు. "పెట్టొచ్చు చెల్లీ, కానీ ఎవరొస్తారు? మన అమ్మాయిలకి ఆటల మీద ఇంట్రెస్ట్ తక్కువ. ముందు వాళ్లని మోటివేట్ చెయ్యాలి" అన్నారు. ఇంకో నలుగురు దానికి లైక్ కొట్టారు. రెండు లైన్లలో తేలే విషయం కాదని ఈ పోస్టు రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

నేను అల్లూరి జిల్లా ఏజెన్సీ అమ్మాయిని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. విశాఖలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నా. ఏడాదిన్నరగా మేం కొంతమంది అమ్మాయిలం మా కాలేజీ ఇండోర్ హాల్లో వారానికి మూడు సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడుతున్నాం. పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు, పెదబయలు వైపు నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువ. మాలో ఎవరికీ కప్పులు రాలేదు, ఎవరమూ స్టేట్ ఆడలేదు. అందుకే ఇది చాంపియన్ల కథ అనుకోకండి. మామూలు అమ్మాయిలు రోజంతా క్లాసులు, రికార్డులు, బట్టలుతుక్కోవడం అయ్యాక ఇంకా ఎందుకు పరిగెత్తడానికి వస్తారు అన్నదే నా విషయం.

నేను చెప్పేది ఒక్కటే. మన అమ్మాయిలకి ఇష్టం కొత్తగా నేర్పక్కర్లేదు, అది ఉంది. లేనివి మూడు: ఒక గంట, ఒక చోటు, నలుగురు తోడు. ఆ మూడూ దొరికిన చోట ఎవరూ ఎవరినీ మోటివేట్ చెయ్యక్కర్లేకుండా వాళ్లే వస్తారు.

ముందు ఈ ఆట గురించి, తెలియని వాళ్ల కోసం. హాల్లో ఆడే ఫుట్‌బాల్‌ని ఫుట్సాల్ అంటారు. 1930లో ఉరుగ్వే దేశంలోని మాంటెవిడియో ఊళ్లో వైఎంసీఏలో పనిచేసే యువాన్ కార్లోస్ సెరియానీ అనే టీచర్ దీన్ని తయారుచేశాడు. జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు. అంతర్జాతీయ మ్యాచులకి కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. బంతి మామూలు ఫుట్‌బాల్ కంటే కొంచెం చిన్నది, నాలుగో సైజు. నేలకి తగిలితే ఎక్కువ ఎగరదు. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి గీత దాటితే చేత్తో విసరరు, కాలితోనే లోపలికి తన్నాలి, అదీ నాలుగు సెకన్లలో. మా హాలు అంత పెద్దది కాదు, రెండు షటిల్ కోర్టులు పట్టేంత. గోల్ పోస్టుల బదులు రెండు కుర్చీలు పెట్టుకుంటాం. బంతి అందరం తలా కొంత వేసుకుని కొన్నాం. అంతకుముందు మామూలు బంతితో ఆడితే అది గోడలకి, లైట్లకి తగిలి వాచ్‌మన్ తాత తిట్టేవాడు. అప్పుడు అందులో గాలి కొంచెం తీసేసి ఆడేవాళ్లం.

ఈ రూల్స్ ఎందుకు చెప్పానంటే, అమ్మాయిలు రావడానికి సగం కారణం వాటిలోనే ఉంది.

పెద్ద గ్రౌండ్‌లో ఇరవైరెండు మంది ఆడితే కొత్తగా వచ్చిన అమ్మాయి కాలికి బంతి గంటలో నాలుగుసార్లు తగిలితే గొప్ప. బాగా ఆడేవాళ్లే ఆడుకుంటారు, మిగిలినవాళ్లు ఎండలో నిలబడి చూస్తారు. రెండో రోజు రారు. హాల్లో ఐదుగురే కాబట్టి బంతి నీ దగ్గరికి రాక తప్పదు. రాదనుకున్నది వారంలో కొంచెం వస్తుంది. పాస్ సరిగ్గా వెళ్తుంది. నెల తిరిగేసరికి ఎవరో ఒకళ్లు "నువ్వు అటు ఉండు, నీ ఎడమ కాలు మంచిది" అంటారు. తొమ్మిదో తరగతి నుంచి ఇంగ్లీష్ రాదు, లెక్కలు రావు అని వింటూ పెరిగిన పిల్లకి, నీ ఎడమ కాలు మంచిది అనే మాట ఎంత పెద్దదో మీలో చాలామందికి అర్థమౌతుంది.

మనస్తత్వ శాస్త్రంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అని ఇద్దరు ఈ ప్రేరణ గురించే చాలా ఏళ్లు పనిచేశారు. మనిషి ఒక పనిని తనంతట తాను కొనసాగించాలంటే మూడు కావాలంటారు వాళ్లు: ఇది నా ఇష్టంతో చేస్తున్నా అనిపించడం, నాకు చేతనౌతోంది అనిపించడం, నా వాళ్లు నాతో ఉన్నారు అనిపించడం. క్లాసులో విన్నప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. తర్వాత హాల్లో కూర్చుని షూ లేసులు కట్టుకుంటుంటే, ఈ మూడూ ఇక్కడే ఉన్నాయి కదా అనిపించింది. బహుమతి, సర్టిఫికెట్, స్పోర్ట్స్ కోటా ఆ మూడింటిలో లేవు చూడండి. కోటా వద్దని నేననను, వస్తే మంచిదే. కానీ కోటా కోసం వచ్చినవాళ్లు కోటా రాదని తెలిసిన రోజు మానేస్తారు.

రెండో విషయం, అందరి ముందూ చెప్పడానికి మొహమాటపడేది. ఫుట్సాల్‌లో ఎన్నిసార్లైనా మారొచ్చు. అలిసిపోతే బయటికొచ్చి కూర్చుని, ఐదు నిమిషాలాగి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, రిఫరీని అడగక్కర్లేదు. నెలసరి రోజుల్లో కడుపునొప్పి ఉన్న అమ్మాయి ఆ రోజు పూర్తిగా మానెయ్యక్కర్లేదు. కాసేపు గోల్‌లో నిలబడుతుంది, కాసేపు కూర్చుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన హాస్టళ్లలో అమ్మాయిలు మెట్లెక్కితేనే ఆయాసపడటం మనం చూస్తూనే ఉంటాం. అలాంటి ఒంటికి తొంభై నిమిషాల పెద్ద ఆట కంటే, ఆగి ఆగి ఆడే ఈ ఆట నయం. దీన్ని బద్ధకం అనకండి. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు ఆడుతున్నారు.

మూడోది తలుపు. నవ్వకండి, నిజంగా తలుపే. మొదట్లో మేం కాలేజీ గ్రౌండ్‌లో ఒక మూల ఆడాం. నాలుగు రోజులకే గట్టు మీద కుర్రాళ్లు చేరారు. ఒకమ్మాయి పరిగెడుతూ పడిపోతే ఎవరో వీడియో తీసి, పాట తగిలించి రీల్ పెట్టారు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఎప్పుడూ బంతి ముట్టుకోలేదు. ఇప్పుడు ఆమెను చూపించి "ఇంట్రెస్ట్ లేదు" అందామా? హాల్లోకి మారాక తలుపు దగ్గరికేస్తాం. ఫోన్లన్నీ ఒక సంచిలో పడేస్తాం. చున్నీ తీసి కిటికీకి వేలాడదీసి ఆడతాం. పడితే మేమే నవ్వుతాం, మేమే లేపుతాం. ఆడవాళ్లు నాలుగు గోడల మధ్య ఉండాలి అనే మాటకి నేను వ్యతిరేకం. కానీ ఆ నాలుగు గోడలు మేం కోరుకున్నవైతే, లోపల మాట మాదైతే, అదే స్వేచ్ఛ.

నాలుగోది గేటు. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరున్నరకి మూసేస్తారు. అబ్బాయిలకి తొమ్మిది. ఐదింటికి ల్యాబ్ అయ్యాక గ్రౌండ్‌కి వెళ్లి, ఆడి, స్నానం చేసి తిరిగొచ్చే టైము అబ్బాయికి ఉంది, అమ్మాయికి లేదు. ఊళ్లో టర్ఫులున్నాయి, రాత్రి పదింటిదాకా లైట్లుంటాయి, కానీ గంటకి అద్దె కట్టి ఆడే స్తోమత మాకెక్కడిది? కాలేజీ ఆవరణలో ఉన్న హాలైతే హాస్టల్‌కి రెండు నిమిషాల నడక, వాన పడినా పర్లేదు, చీకటి పడినా లైటుంది. ఇదొక్కటే మారింది. మా ఇష్టాలు మారలేదు, మేం మారలేదు, చోటు మారింది. ఆరుగురం పద్నాలుగు మందిమయ్యాం.

ఇక అసలు విషయం. ఇది నాకు చాలా దగ్గరిది.

ఆడుతున్నానని ఫోన్‌లో చెప్తే మా అమ్మ "ఆడపిల్లవి, బంతి తన్నడం ఏటే?" అంది. మా అమ్మ కాఫీ తోటలో పళ్లు ఏరడానికి కొండెక్కుతుంది. ఊట దగ్గర్నుంచి నీళ్లు మోస్తుంది. సంతకి పసుపు మోస్తుంది. నేను కూడా పదేళ్ల వయసు నుంచి కట్టెల మోపు మోశాను. అప్పుడెవరూ "ఆడపిల్లవి, అంత బరువు ఏటే?" అనలేదు. పనికి మన బలం కావాలి, మోతకి మన కాళ్లు కావాలి. అదే కాళ్లతో ఊరికే, ఎవరికీ ఉపయోగం లేకుండా, నా సంతోషం కోసం పరిగెత్తితే మాత్రం అది తప్పు. హాల్లోకి వచ్చే అమ్మాయిల్లో చాలామంది మాటల్లో పెట్టలేరు గానీ, వాళ్లని లాక్కొచ్చేది ఇదే అనుకుంటున్నా. నెత్తి మీద బరువు లేకుండా, చేతిలో పని లేకుండా ఒళ్లు కదలడం ఎలా ఉంటుందో వాళ్లు అక్కడ చూస్తారు. ఒకసారి చూశాక మళ్లీ రాకుండా ఉండలేరు.

ఇది మనకి కొత్తా అంటే అదీ కాదు. ఇటుకల పండుగ చూడండి. మగవాళ్లు వేటకి కొండెక్కితే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బళ్లని ఆపి డబ్బులు వసూలు చేస్తారు. పాడతారు, పరిగెడతారు, ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడతారు. ముసలవ్వలు కూడా ఆగరు. వాళ్లకి ఎవరు మోటివేషన్ క్లాసు తీసుకున్నారు? పండుగ వాళ్లకి రోజులిచ్చింది, దారినిచ్చింది, తోడునిచ్చింది. అవే మూడు.

ప్రపంచంలో కూడా ఇదే జరిగింది. 1920 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి సుమారు 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది, 1921లో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ల మ్యాచులకి తన గ్రౌండ్లు ఇవ్వొద్దని క్లబ్బులకి ఆర్డరేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లుంది. ఫుట్‌బాల్ దేశమని మనం చెప్పుకునే బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టప్రకారం నిషిద్ధం. ఫుట్సాల్ ప్రపంచకప్ మగవాళ్లకి 1989లో మొదలైతే, ఆడవాళ్లకి మొదటిది 2025 చివర్లో ఫిలిప్పీన్స్‌లో జరిగింది. మధ్యలో 36 ఏళ్లు. ఎక్కడైనా వరస ఇదే. ముందు తలుపు మూస్తారు, తర్వాత లోపల ఎవరూ లేరేమని అడుగుతారు.

"స్ఫూర్తినిచ్చేవాళ్లు ఉంటే వస్తారు" అని కూడా కొందరంటారు. ఉన్నారు కదా. నిజామాబాద్ దగ్గర కిసాన్ నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియా టీమ్‌లో ఆడుతోంది, క్రొయేషియా క్లబ్‌కి వెళ్లొచ్చింది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో ఇండియా కెప్టెన్ జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి అస్తమ్ ఒరావ్. వాళ్ల పేర్లు చెప్పుకుంటే గర్వంగా ఉంటుంది, చెప్పుకోవాలి కూడా. కానీ నిజం చెప్పాలంటే మా హాల్లో మొదటిరోజు వచ్చిన ఆరుగురిలో ఈ పేర్లు ఒక్కరికీ తెలీదు. పక్క రూమ్ అక్క "రావే, ఒక మనిషి తక్కువైంది" అని పిలిస్తే వచ్చారు. సౌమ్య వీడియోలు తర్వాత చూశాం. ఫోటోలో ఉన్న అక్క ఆటలో నిలబెడుతుందేమో, మొదలుపెట్టించేది మాత్రం పక్క రూమ్ అక్కే.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వస్తా. ఇది అడిగేవాళ్లని తప్పు పట్టను. "షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబర్ 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డీఎస్సీలో మనవాళ్లు నష్టపోతున్నారు. హాస్టళ్లలో నీళ్లు లేవు, నర్సులు లేరు. ఇవన్నీ వదిలేసి ఫుట్‌బాల్ గురించి మాట్లాడాలా?"

ఇవన్నీ పెద్ద సమస్యలే. వీటి మీద మీటింగులకి నేనూ వస్తాను. ఆ మీటింగుల్లో ఒకటి గమనించండి. అమ్మాయిలు వెనక వరసలో కూర్చుంటారు. ఫోటో టైముకి ముందుకి పిలుస్తారు. మైకు మా దాకా రాదు, వచ్చినా పక్కవాళ్లకి ఇచ్చేస్తాం. చిన్నప్పటి నుంచి గట్టిగా అరవొద్దు అని పెంచిన గొంతు ఒక్కరోజులో మైకు ముందు లేవదు. హాల్లో మాత్రం అరవకపోతే ఆట నడవదు. "ఇటు వెయ్!", "వెనక చూడు!", "నాది, నాది, వదులు!" అని అరవాల్సిందే. సీనియర్ అక్కని కూడా "పాస్ ఇవ్వవేం!" అని కోప్పడాల్సిందే. మా హాస్టల్లో బాత్రూముల వైపు లైట్లు మూడు నెలలు వెలగలేదు. అంతకుముందు ఏ ఫిర్యాదుకైనా ఒకరే వెళ్లి, తల దించుకుని చెప్పొచ్చేవాళ్లు. ఈసారి ఆడే అమ్మాయిలు తొమ్మిది మంది వెళ్లారు. ఒకరు ఆగితే ఇంకొకరు మాట అందుకున్నారు. లైట్లు వచ్చాయి. నీళ్ల సమస్య ఇంకా అలాగే ఉంది, దాచను. ఒక ఆటతో అన్నీ అయిపోతాయని నేను చెప్పట్లేదు. కానీ పోరాటానికి కావలసిన గొంతు, ఒకరికొకరు నిలబడే అలవాటు ఎక్కడో ఒకచోట తయారవ్వాలి కదా. అబ్బాయిలకి వాలీబాల్ కోర్టు దగ్గర తయారైంది. మాకూ ఒక చోటు కావాలి.

మానేసినవాళ్ల గురించి కూడా చెప్పాలి. పద్నాలుగు మందిలో ఇప్పుడు క్రమంగా వచ్చేది పది మందే. ఇద్దరు కాఫీ పళ్ల సీజన్‌కి ఇంటికెళ్లి, ఆ సెమిస్టర్ తిరిగి రాలేదు. ఒకరికి పెళ్లి చేసేశారు. ఒకరు సాయంత్రం పూట షాపులో పనికి కుదిరారు, ఇంటికి డబ్బు పంపాలి. వీళ్లలో ఒక్కరు కూడా ఇష్టం తగ్గి మానలేదు. పెళ్లైన అమ్మాయి మొన్న ఫోన్ చేసి "నా ప్లేస్‌లో ఎవరాడుతున్నారు?" అని అడిగింది. నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు.

కాబట్టి అన్నలకి, సంఘం పెద్దలకి నేను అడిగేవి నాలుగు.

ఒకటి. ఆగస్టు 9న అమ్మాయిలకి ఐదుగురి జట్లతో ఫుట్‌బాల్ పెట్టండి. హాలు దొరక్కపోతే స్కూల్ వరండా వెనక సిమెంటు గచ్చు చాలు, చుట్టూ ఒక టార్పాలిన్ కట్టండి. ఎవరూ రాకపోతే నన్ను అడగండి.

రెండు. మీ మీ కాలేజీల్లో ఇండోర్ హాలుంటే, వారానికి మూడు గంటలు అమ్మాయిలకని నోటీసు బోర్డు మీద రాయించండి. "ఖాళీ ఉంటే ఆడుకోండి" అనే మాటకి విలువ లేదు, ఎందుకంటే ఖాళీ ఎప్పుడూ ఉండదు. మా హాలు కూడా అబ్బాయిల షటిల్ టోర్నమెంట్ అని పోయినసారి నెల రోజులు లాగేసుకున్నారు. రాతపూర్వకంగా ఉంటే అడగగలం.

మూడు. తమ్ముళ్లు, అన్నలు రిఫరీకి పిలిస్తే రండి, నేర్పమంటే నేర్పండి. వీడియో మాత్రం అడిగి తియ్యండి.

నాలుగు. ఆడటానికి ముందు అందరూ హిమోగ్లోబిన్ పరీక్ష, సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ మన ప్రాంతాల కోసమే. సికిల్ సెల్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా గట్టి ఆట ఆడకూడదు. నీళ్లు బాగా తాగాలి, ఒంట్లో నీరు తగ్గితే నొప్పులు మొదలౌతాయి. దీన్ని చూపించి ఎవరినీ బయట కూర్చోబెట్టకండి. తెలుసుకుని ఆడితే వాళ్లకి తగ్గ చోటు ఆటలో ఉంటుంది.

ఇక అక్కలకి, చెల్లెళ్లకి ఒక మాట. మీ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? మీ కాలేజీలో హాలుందా? దాని తాళం ఎవరి దగ్గరుంటుంది? మీతో ఆడటానికి ఇంకెంతమంది ఉన్నారు? ఈ నాలుగూ కింద రాయండి. ఊరు పేరు, కాలేజీ పేరు పెట్టడం ఇష్టం లేకపోతే మండలం పేరు రాస్తే చాలు. పదిమంది రాసినా మనకో లెక్క తేలుతుంది. ఆ లెక్క పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.